గరుకు గొంతు ఆవిడ

గోహుంగ్
1996 జూన్ 4

ఓక్‌సిమ్,

వెల్లుల్లి తవ్వకం ముగిసింది. నేను ఇంటికి వచ్చేశాను కానీ నా నడుము ఇంకా చేలోనే ఉంది. మీ బావ మాత్రం నేల మీద వెల్లకిలా పడుకుని అబ్బా, అమ్మా అని మూలుగుతున్నాడు, తవ్వింది తనే అయినట్టు.

సరే, అసలు సంగతికి వస్తాను. మొన్న ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు అమ్మే తీసింది కదా. నేను పెరట్లో వెల్లుల్లి జడలు అల్లుతున్నాను. "ఎవడో మగాడు, తప్పు నంబరు" అని పెట్టేసింది. మళ్ళీ మోగితే నేను పరుగెత్తుకొచ్చి తీశాను. నాకే ఒక్క క్షణం నువ్వని తెలియలేదు. ఏమైంది నీ గొంతుకి? జలుబు అన్నావు. వెల్లుల్లి నాటిన రోజుల్లోనూ జలుబే అన్నావు. ఇన్నాళ్ళుండే జలుబు నేనెక్కడా చూడలేదు.

అమ్మకు కళ్ళు పోయాక నువ్వంటే నీ గొంతే. ఆదివారం పొద్దున్నే తల దువ్వించుకుని ఫోను పక్కన కూర్చుంటుంది. నువ్వు టెలిఫోన్ ఆఫీసులో నంబర్లు చెప్పే ఉద్యోగంలో చేరిన కొత్తలో గుర్తుందా, పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి, ఎవరి నంబరూ అక్కర్లేకపోయినా ఫోన్ చేయించేది. నీ గొంతు తగిలితే ఊరందరికీ వినిపించేది, తగలకపోతే పెట్టేయించేది. అలాంటి మనిషి నిన్ను మగాడంది.

దోరాజి దుంపలు తేనెలో ఉడికించి ఒక సీసా, యూజా నిమ్మపండ్ల తొక్కలు ఊరబెట్టి ఇంకో సీసా పంపుతున్నాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. గొంతు వెన్నలా అవుతుంది. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళు. ఏదైనా ఉంటే నాకు దాచొద్దు. నీకు నేనూ నాకు నువ్వూ తప్ప మనింట్లో ఎవరున్నారు?

వెంటనే జవాబు రాయి. మీ బావకు కూడా చదివి వినిపించాలి. కళ్ళజోడు పెట్టుకోవడం ఆయనకు నామోషీ.

నీ అక్క
బున్‌రే

*

డేజాన్
జూన్ 17

అక్కా,

సీసాలు అందాయి. ఒక్కటీ పగల్లేదు. మూత తీయగానే ఇల్లంతా మన పెరటి వాసన వేసింది. మీ మరిది కూడా ఆ వాసనకు గడియారాల దుకాణం నుంచి పైకి వచ్చి రెండు చెంచాలు తిని వెళ్ళాడు.

నాకు జబ్బేమీ లేదు. ఒట్టు. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన పని లేదు. ఇంతకంటే ఇప్పుడు చెప్పలేను. చెప్తే నవ్వుతావు, లేకపోతే తిడతావు, రెండూ ఇప్పుడు పడలేను. యాభై రెండేళ్ళ వయసులో ఒక మనిషికి సిగ్గు ఇంత మిగిలి ఉంటుందని నాకే తెలియదు.

జులై రెండో వారం నుంచి ఒక నెల కొండకు వెళ్తున్నాను. జీరీ కొండ. అక్కడ ఫోను లేదు. ఆదివారాలు ఫోన్ రాకపోతే కంగారు పడొద్దు. అమ్మకు ఏదో ఒకటి చెప్పు. మా ఆయన్ని మాత్రం ఏమీ అడక్కు. ఆయన ఏమీ చెప్పడు, చెప్పినా తప్పుగా చెప్తాడు.

అమ్మ నన్ను మగాడు అందని చదివి ముందు నవ్వొచ్చింది. తరవాత అన్నం గిన్నె ముందు అలాగే కూర్చుండిపోయాను.

నీ
ఓక్‌సిమ్

*

గోహుంగ్
జులై 24

ఓక్‌సిమ్,

అడగొద్దన్నావని అడక్కుండా ఉంటానా? మరిదికి ఫోన్ చేశాను. "నాకేం తెలియదండీ వదినగారూ, మీ చెల్లెల్నే అడగండి" అన్నాడు. గొంతు చూస్తే వర్షంలో తడిసిన కోడిలా ఉన్నాడు. మీరిద్దరూ విడిపోతున్నారనుకున్నాను. ఈమధ్య టీవీలో అదే గోల కదా, పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాక ఆడవాళ్ళు మూట కట్టుకుని పోవడం. అదే అయ్యుంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

మన గాంగ్ వాళ్ళ కోడలు జీరీ కొండకు దోరాజి దుంపలు తవ్వుకోవడానికి వెళ్ళింది. జలపాతం దగ్గర నిన్ను చూసిందట. విసనకర్ర చేత్తో పట్టుకుని నీళ్ళకు ఎదురుగా నిలబడి కేకలు పెడుతున్నావట. పక్కన ఒక ముసలావిడ డోలు కొడుతోందట. మెడ నరాలు తాళ్ళలా లేచాయట. పలకరిద్దామని రెండడుగులు వేసి, నీ ముఖం చూసి భయపడి వచ్చేసిందట. ఇది నాకొక్కదానికే చెప్పానంది, అంటే ఈపాటికి ఊరంతా తెలుసు.

ఓక్‌సిమ్, నీ మీదికి ఎవరు వచ్చారు? నాన్న మేనత్తకు ఇలాగే మొదలైందని, ముందు గొంతు మారిందని, తరవాత కొండలు పట్టుకు తిరిగిందని, ఆఖరికి గంటలు కట్టుకుని ఇంటింటా పూనకాలు ఊగిందని నాయనమ్మ గుసగుసగా చెప్పేది. మన పెళ్ళిళ్ళకు అడ్డొస్తుందని ఆ సంగతి మట్టి కప్పారు. ఇప్పుడు అది నీ దగ్గర తేలిందా?

రేవు దగ్గరుండే పూనకాలావిడను అడిగాను. "వచ్చేది వస్తుంది, ఆపితే మంచం పట్టిస్తుంది" అంది. దయ్యాలు దగ్గరికి రాకుండా ఇంటి చుట్టూ ఎర్ర చిక్కుడు గింజలు చల్లాను. నీకు కూడా ఒక సంచీ పంపుతున్నాను. తలగడ కింద పెట్టుకో. వండుకు తినేవు.

అమ్మకు ఏమీ చెప్పలేదు.

అక్క

*

జీరీ కొండ
ఆగస్టు 6

అక్కా,

నీ చిక్కుళ్ళు మా ఆయన ఇక్కడికి పంపించాడు. గురువుగారు వండించేశారు. బాగున్నాయి.

నా మీదికి ఎవరూ రాలేదు. నేనే వచ్చాను. పాన్సోరి నేర్చుకుంటున్నాను. డోలు పక్కన విసనకర్ర పట్టుకుని నిలబడి కథంతా ఒక్క మనిషే పాడే ఆ పాటే, చిన్నప్పుడు సంతలో నాన్న భుజమెక్కి విన్నది. ఆ ముసలావిడ నా గురువు, మిన్ అమ్మగారు. ఇదీ సంగతి. ఇక నవ్వు.

నవ్వడం అయ్యాక ఇది చదువు. ఆఫీసులో ఎన్నేళ్ళు ఒకే గొంతు మాట్లాడానో నీకు తెలుసు. ఎవరు తిట్టినా "అలాగేనండీ". తాగి ఫోన్ చేసి పిచ్చివాగుడు వాగినా "ఏ నంబరు కావాలండీ". ఉద్యోగం మానేశాక ఆ గొంతూ మానుతుందనుకున్నాను. ఒకరోజు వంటింట్లో మరుగుతున్న పులుసు చేతిమీద ఒలికింది. అరిచాను. ఆ అరుపు కూడా ఆఫీసు గొంతులోనే వచ్చింది అక్కా, మెత్తగా, మర్యాదగా. చెయ్యి కాలినదానికంటే దానికే భయపడ్డాను. అయితే నాది అని ఒక గొంతు ఎక్కడైనా ఉందా, లేక ఆఫీసు వాళ్ళిచ్చిందే నా గొంతా?

ఆ వారమే మా వీధి మహిళా మందిరంలో మిన్ అమ్మగారి పాట విన్నాను. గొంతు పగిలిన కుండలా ఉంది. నేను బయటి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నేర్పమని వెళ్తే ఒక ముక్క పాడించుకుని, "బాగా దంచి పాలిష్ పట్టిన బియ్యంలా ఉంది నీ గొంతు. తవుడంతా పోయింది. దీంతో నాకేం పని?" అన్నారు. ఈ విద్యలో గొంతు ముందు చెడాలి. అరిచి అరిచి చెడి, మానుతూ మానుతూ గరుకుదేలాలి. అప్పుడే అందులో ఏడుపూ నవ్వూ నిలుస్తాయట. అందుకే నీ తేనె సీసాలు ముట్టలేదు. పగలగొట్టుకుంటున్న దానికి వెన్న పూయడమెందుకు? నీ కష్టం గుర్తొచ్చి పారెయ్యలేక దాచాను. గురువుగారు బియ్యపు రొట్టెల మీద వేసుకుని తింటున్నారు.

మీ మరిది సంగతి చెప్పాలి. ఆయన నన్ను చూడకముందే నా గొంతుకు పడిపోయాడని నీకు తెలుసు. గడియారం ముళ్ళు అమ్మే దుకాణం నంబరు అడిగి, మళ్ళీ మళ్ళీ అదే నంబరు అడిగిన మనిషి. ఇప్పుడు "నేను పెళ్ళి చేసుకున్న ఆవిడ ఎక్కడికి పోయిందీ?" అంటాడు. ఆయనకు కోపం లేదు. తప్పిపోయిన మనిషిని వెతికినట్టు చూస్తాడు.

అమ్మకు ఏం చెప్పాలో నాకు తెలియదు.

ఓక్‌సిమ్

*

గోహుంగ్
ఆగస్టు 26

ఓక్‌సిమ్,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. అమ్మ పక్క గదిలో నిద్రపోతోంది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు, చివర్లో మాత్రం లేచి ఊరికే బయటికి వెళ్ళాడు. నేను నవ్వలేదు. దయ్యం పడితే వదిలించేవాళ్ళున్నారు. పాట పడితే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? చిక్కుళ్ళు దండగ చేశాను.

నీకు అర్థం కావడానికి రాస్తున్నాను. ఆదివారాలు ఫోన్ రాకపోయేసరికి అమ్మ మాట్లాడటమూ తినడమూ తగ్గించింది. చిన్నది కొండకెళ్ళింది అన్నాను. "కొండకెళ్ళిందంటే నాకు తెలుసు" అంది. మన వైపు శవాన్ని కొండకే కదా తీసుకెళ్ళేది. ఆ తరవాత నువ్వు కొండ దిగి వచ్చి ఫోన్ చేశావు, అమ్మ తీసింది, నువ్వు "అమ్మా" అన్నావు. అమ్మ ఫోను నా చేతికిచ్చి, "ఆస్పత్రి నుంచి ఎవరో మగమనిషి. చెప్పలేక అమ్మా అంటున్నాడు. నువ్వు విను" అంది. తరవాత పెట్టెలోంచి తెల్లబట్ట తీయమంది. నువ్వు బతికే ఉన్నావని గంటసేపు మొత్తుకున్నాను. దాస్తున్నానంటుంది.

ఇది ఆట కాదు. పంట పున్నమి పండక్కి రా. పాత గొంతుతో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "అమ్మా నేను ఓక్‌సిమ్‌ని" అని చెప్పి వెళ్ళు. తరవాత నీ ఇష్టం వచ్చినట్టు పగలగొట్టుకో. కన్నతల్లి నువ్వు చచ్చిపోయావనుకుంటూ ఉండగా నువ్వు ఏ కథ పాడతావు? ఎవరి కోసం పాడతావు?

అక్క

*

డేజాన్
సెప్టెంబరు 11

అక్కా,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి పాత గొంతు కోసం వెతుకుతున్నాను. తలుపులు వేసుకుని అద్దం ముందు కూర్చుని "ఏ నంబరు కావాలండీ" అని ఎన్నిసార్లన్నానో. రాదు. పాత పెట్టె అడుగున దాచిన బట్ట తీస్తే చిమట కొట్టి ఉన్నట్టుంది. మా ఆయన తలుపు అవతల నిలబడి విన్నాడు. కాసేపటికి కింద దుకాణంలో ఫోన్ తిప్పిన చప్పుడైంది. నంబర్ల ఆఫీసుకు ఫోన్ చేసి ఎవరో అమ్మాయి గొంతు విని పెట్టేశాడు. నాకు కోపం రావాలి. రాలేదు. ఇద్దరం ఒకదాన్నే పోగొట్టుకున్నాం అనిపించింది.

నిజం చెప్పనా? పోయినవారం మొదటిసారి అడుగు నుంచి ఒక స్వరం వచ్చింది. పాటలో పడవ రేవు విడిచే చోట. నాలో అంత లోతు ఉందని నాకే తెలియదు. డోలు ఆగింది. గురువుగారు తల ఊపారు. ఇంటికి వస్తూ బస్సులో దొంగసొమ్ము మోస్తున్నదానిలా కూర్చున్నాను. అంత ఆనందం. అదే రోజు నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నేను మంచిదాన్నో చెడ్డదాన్నో నాకు తెలియడం లేదు అక్కా.

ఒక ఆలోచన. మా అమ్మాయి మీరాన్ గొంతు అచ్చం నా పాత గొంతే. పెళ్ళికి ముందు అది ఫోన్ తీస్తే మీ మరిదే బోల్తా పడేవాడు. ఆదివారం అదే నా పేరుతో అమ్మకు ఫోన్ చేస్తే? తప్పని తెలుసు. అమ్మ అన్నం తింటుంది కదా. నువ్వు ఒప్పుకుంటే చేయిస్తాను.

ఓక్‌సిమ్

*

గోహుంగ్
సెప్టెంబరు 19

ఓక్‌సిమ్,

నీ ఉత్తరం మీ బావకు చదివాను. "మోసం, కానీ మంచి మోసం" అన్నాడు. నేను సరే అని మీరాన్‌కు ఫోన్ చేశాను. అది భయపడుతూనే ఒప్పుకుంది.

ఆదివారం అది "అమ్మా, నేను ఓక్‌సిమ్‌నండీ" అనగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. చాలాసేపు విన్నది. తను ఎక్కువ మాట్లాడలేదు. పెట్టేసి, "బాగుంది, గొంతు బాగుంది" అంది. రెండు గిన్నెల అన్నం తింది. తెల్లబట్ట లోపల పెట్టేయమంది. నేను వంటింట్లోకి వెళ్ళి నా నోరు నేనే కొట్టుకున్నాను. ఈ వయసులో గుడ్డి తల్లికి దొంగ కూతుర్ని తెచ్చిపెట్టాను.

అయినా పండక్కి రా. పక్కన కూర్చో. చెయ్యి పట్టుకుంటే తెలియకుండా ఉంటుందా?

అక్క

*

డేజాన్
అక్టోబరు 3

అక్కా,

పండగ మధ్యలో చెప్పకుండా బస్సెక్కినందుకు తిట్టుకుంటూ ఉంటావు. నువ్వు నాన్న సమాధి దగ్గర గడ్డి కోయించడానికి వెళ్ళినప్పుడు ఏం జరిగిందో రాస్తున్నాను.

పైన్ ఆకుల మీద ఉడికిన రొట్టెలు పళ్ళెంలో పెట్టుకుని అమ్మ దగ్గర కూర్చున్నాను. "అమ్మా" అన్నాను. అమ్మ చెయ్యి చాపి నా చెయ్యి తడిమింది. వేళ్ళు ఒక్కొక్కటీ. కనుక్కుంటుందనుకున్నాను. "ఎవరమ్మా మీరు? చేతులు చల్లగా ఉన్నాయి, ఇలా కింద పొయ్యి రగిలే గచ్చు మీద వెచ్చగా కూర్చోండి" అంది. నన్ను, మీరు అని. నేను ఓక్‌సిమ్‌ని అన్నాను. నవ్వింది. "మా ఓక్‌సిమ్ పోయిన ఆదివారమే ఫోన్ చేసింది. గొంతు గంటలా ఉంటుంది దానిది" అంది.

ఏం చేయను? ఆ దొంగ కూతుర్ని నేనే పంపాను. ఇప్పుడు అది ఇంట్లో ఉంది, నేను గుమ్మంలో ఉన్నాను.

అలా చాలాసేపు పరాయిదానిలా కూర్చున్నాను. అమ్మ నాకు రొట్టె చిదిమి పెట్టింది. మోకాళ్ళ నొప్పులంది. నాకూ అంతేనన్నాను. చీకట్లో ఉండి ఉండి విసుగొస్తుందంది. నాకూ అప్పుడప్పుడూ అంతే అన్నాను. ఇంకా అలాంటివే ఏవో మాట్లాడుకున్నాం. నువ్వొచ్చే చప్పుడైతే లేచి వెళ్ళిపోయాను.

విసనకర్ర గురువుగారికి తిరిగిచ్చేశాను. ఇక చాలు. నా గొంతు నాకు దొరికింది, కానీ దాంతో నా తల్లిని పిలవలేకపోయాను. నీ తేనె సీసాలు ఇంకో రెండు పంపు. ఈసారి తాగుతాను.

ఓక్‌సిమ్

*

గోహుంగ్
నవంబరు 27

ఓక్‌సిమ్,

చలికాలపు కిమ్చీ పచ్చడి పెట్టడం అయింది. నీ వాటా డబ్బాలో పెట్టి బస్సులో పంపుతున్నాను. తేనె సీసాలు పంపలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదో, ఎందుకు పంపలేదో చెప్తాను. నాకే సరిగ్గా అర్థం కాలేదు కాబట్టి రాసిందాన్ని రాసినట్టు చదువు.

నువ్వు వెళ్ళిన మర్నాడే అమ్మ, "పండక్కి వచ్చిన ఆ గరుకు గొంతు ఆవిడ మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అంది. ఏదో అన్నాను. తరవాత రోజూ అదే. నిన్న క్యాబేజీలకు కారం పూస్తుంటే పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ మళ్ళీ అడిగింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఆదివారం ఆదివారం నీ కూతురు ఫోన్ చేస్తూనే ఉంది కదా, ఎవరో పరాయిదాని గోల ఎందుకే నీకు?" అన్నాను.

అమ్మ ఏమందో విను. "ఓక్‌సిమ్ గొంతు బాగుంటుంది. కానీ ఇన్నేళ్ళూ అది నాతో ఏదో నంబరు అడిగినదానితో మాట్లాడినట్టే మాట్లాడింది. మోకాళ్ళు నొప్పంటే, అయ్యో జాగ్రత్తండీ, అనేది. ఏం చెప్పినా అలాగేనండీ అనేది. పెట్టేశాక దానికి అక్కడ ఎలా ఉందో నాకు ఒక్కసారీ తెలిసేది కాదు. ఆ గరుకు గొంతు ఆవిడ, నాకూ నొప్పులే, నాకూ విసుగే, అంది. ఆవిడతో మాట్లాడితే మనిషితో మాట్లాడినట్టుంది."

నా చేతిలో కారం అలాగే ఉండిపోయింది. కళ్ళు మండాయి. కారమే అన్నాను.

అమ్మ తెలిసి అన్నదో తెలియక అన్నదో నాకు బోధపడటం లేదు. నువ్వు ఆ రోజే వెళ్ళిపోకుండా ఉంటే బాగుండేది. నీ గొంతు మార్చాలని నేను మొదట్లో ఆ తేనె పంపకుండా ఉంటే ఇంకా బాగుండేది. ఒక్కటి మాత్రం తెలుసు. వచ్చే ఆదివారం మీరాన్ వద్దు. నువ్వే ఫోన్ చెయ్యి. ఓక్‌సిమ్ అని చెప్పకు, కాదని చెప్పకు. ఊరికే మాట్లాడు.

విసనకర్ర తిరిగి తెచ్చుకో. గాంగ్ వాళ్ళ కోడలు నీ పాట ఎప్పుడని అడుగుతోంది. భయం తగ్గిందట.

అక్క

*

డేజాన్
డిసెంబరు 2

అక్కా,

నిన్న ఫోన్ చేశాను. నువ్వు కావాలనే సముద్రం ఒడ్డుకు వెళ్ళావని బావ తరవాత చెప్పాడు.

అమ్మ తీసింది. నేను ఏమనాలో తెలియక, "పండక్కి వచ్చినదాన్ని" అన్నాను. "ఆఁ, చెప్పండి, మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అంది. ముందు చలి సంగతి, తరవాత కిమ్చీ సంగతి. మా ఆయన బల్ల మీద దరువు తప్పుగా వేస్తున్నాడు. ఈమధ్య అదొకటి మొదలుపెట్టాడు, పాటకు తోడుగా నేర్చుకుంటాడట. "ఎవరది, తాళం తప్పుతున్నాడు?" అంది. మా ఆయన అన్నాను.

పెట్టేసేముందు అమ్మ ఇలా అంది. "ఆదివారం ఆదివారం నా కూతురిలా మాట్లాడే ఆ పిల్లకు ఇక చాలని చెప్పండి. పాపం, దానికీ ఇల్లూ మొగుడూ ఉన్నారు. మీరు మాత్రం ఆ పడవ పాట మానొద్దు."

పడవ పాట గురించి నేను పండగనాడు ఒక్క మాట చెప్పలేదు. నువ్వు చెప్పావా అక్కా? బావకు ఉత్తరాలు చదువుతున్నప్పుడు పక్క గదిలో అమ్మ నిజంగానే నిద్రపోతోందా? "అమ్మా, నేనెవరో నీకు తెలుసా?" అన్నాను.

"తెలిస్తే ఒకటీ, తెలియకపోతే ఒకటీనా?" అంది. "ఆ నొప్పి ఏ మోకాలికో చెప్పలేదు నువ్వు."

నువ్వు, అంది. మీరు అనలేదు.

ఎడమ మోకాలికి అని చెప్పాను. ఎప్పటినుంచో చెప్పాను. నా గరుకు గొంతుతోనే చాలాసేపు చెప్పాను. అమ్మ విన్నది.

రేపు పొద్దున విసనకర్ర తెచ్చుకోవడానికి వెళ్తున్నాను.

ఓక్‌సిమ్